సాఫ్ట్ పెడల్ తొక్కినా పాటలో భావం రావట్లేదా? ఎక్కడ తేడా కొడుతోందో చూద్దాం

మన నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ దిక్కు పియానో నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది ఇంట్లో డిజిటల్ మీదే వాయిస్తారు. ఏ పాత చర్చిలోనో, స్కూల్ హాల్లోనో ఒక అప్‌రైట్ (తీగలు నిలువుగా ఉండే పియానో) దొరికితే అదృష్టం. గ్రాండ్ (తీగలు అడ్డంగా పరిచి ఉండే పెద్ద పియానో) ముందు కూర్చునేది హైదరాబాద్ పోయినప్పుడే, అదీ పరీక్ష టెన్షన్‌లో. మూడింటికీ ఎడమ పక్క ఉండి సౌండ్‌ని మెత్తబరిచే పెడల్‌ని సాఫ్ట్ పెడల్ అనే అంటాం గానీ, లోపల జరిగే పని దేనికదే వేరు. సగం సమస్యలు ఇక్కడే తేలిపోతాయి కాబట్టి, మీ కాలి కింద ఉన్నది ఏదో ముందు చూసుకొని చదవండి.

తొక్కినా ఏమీ మారట్లేదు

డిజిటల్‌కి ఒక్కటే పెడల్ ఉంటే అది సస్టెయిన్, అంటే వేలు తీసినా స్వరాన్ని మోగుతూ ఉంచేది. కొన్ని మోడళ్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్నే సాఫ్ట్‌గా మార్చుకోవచ్చు, కానీ అప్పుడు సస్టెయిన్ పోతుంది. రెండూ కావాలంటే మీ మోడల్‌కి సరిపోయే మూడు పెడళ్ల సెట్ కొనాల్సిందే, దాని సాకెట్ కూడా చాలా వాటికి విడిగానే ఉంటుంది. కంప్యూటర్‌లో రికార్డ్ చేసేవాళ్లకు ఇంకో మాట: మిడిలో (వాయిద్యం వాయించిన వివరాలు కంప్యూటర్‌కి చేరే పద్ధతి) సస్టెయిన్ నంబర్ 64, సాఫ్ట్ నంబర్ 67. కొన్ని పియానో సాఫ్ట్‌వేర్లు 67ని అసలు పట్టించుకోవు, తెర మీద గీత కనిపిస్తుంది గానీ ధ్వనిలో మార్పు ఉండదు.

అప్‌రైట్ అయితే పై మూత, కింది పలక తీసి చూడండి. పెడల్ తొక్కితే హ్యామర్ల (తీగలను కొట్టే చిన్న సుత్తుల) వరుస మొత్తం తీగల వైపు జరగాలి. జరగకపోతే పెడల్‌కీ పైకి వెళ్లే కడ్డీకీ మధ్య ఎక్కడో వదులైంది, అక్కడి నట్టు బిగిస్తే సరిపోతుంది. మరీ బిగించకండి, బిగిస్తే పెడల్ తొక్కకపోయినా హ్యామర్లు ముందుకు జరిగే ఉంటాయి, మెట్లన్నీ వదులుగా తగులుతాయి.

సౌండ్ తగ్గుతోంది గానీ ధ్వని రంగు మారట్లేదు

రంగు అంటే ధ్వని గుణం, అప్‌రైట్‌లో అది మారదు. హ్యామర్ తీగకు దగ్గరగా వస్తుంది, అంటే పరుగు తగ్గుతుంది, దెబ్బ చిన్నదవుతుంది, అంతే. హ్యామర్ మీది అదే ఫెల్ట్ (ఉన్ని పొర) అదే చోట అవే తీగలకు తగులుతుంది. గ్రాండ్‌లో మాత్రం మెట్ల వరుస మొత్తం హ్యామర్లతో సహా కొంచెం కుడికి జరుగుతుంది, చివర చూస్తే కంటికి కనిపిస్తుంది. మూడు తీగలున్న స్వరానికి రెండే తగులుతాయి. దానికి తోడు, రోజూ తీగలు తగిలి ఫెల్ట్ మీద గట్టిపడిన గాడి పక్కకు తప్పుకొని మెత్తగా ఉన్న ఫెల్ట్ తీగ మీదికి వస్తుంది. రంగు మారేది దీనివల్లే. పియానోని కనిపెట్టిన క్రిస్టొఫోరి 1722లో చేసిన వాయిద్యంలోనే ఈ జరిపే ఏర్పాటు ఉంది, కాకపోతే చేత్తో జరపాలి. నోట్స్‌లో ఉనా కోర్డా (ఒక తీగ) అని కనిపిస్తే తొక్కాలి, త్రె కోర్డె (మూడు తీగలు) అంటే వదలాలి.

మరి అప్‌రైట్ వాళ్లు ఏం చేయాలి? రంగు వేళ్లతోనే తేవాలి. ఎడమ చేతిని బాగా తేలిక చేసి, మెట్టుని కొట్టకుండా మెల్లగా అడుగు దాకా దింపి, పాట నడిచే స్వరానికి మాత్రం చిటికెన వేలి బరువు ఇవ్వండి. పెడల్ దీనికి తోడు మాత్రమే.

తొక్కగానే కొన్ని స్వరాలు పలకట్లేదు

ఇది చర్చిల్లో చాలా ఎక్కువ. పాస్టర్ గారు ప్రార్థన చేస్తుంటారు, వెనక మెల్లగా వాయించాలి, మీరు ఎడమ పెడల్ తొక్కుతారు, మూడో నాలుగో స్వరం మాయమవుతుంది. అప్‌రైట్‌లో హ్యామర్ ముందుకు జరిగినప్పుడు దాన్ని తోసే భాగానికీ దానికీ మధ్య ఖాళీ వస్తుంది. మెట్టు దిగే మొదటి భాగం ఆ ఖాళీ దాటడానికే పోతుంది. పైపైన తాకితే స్వరం రాదు. వేళ్లను మెట్లకు ఆనించే ఉంచి, నిదానంగానే అయినా అడుగు దాకా నొక్కండి. అయినా పోతుంటే ఆ ప్రార్థన సేపు పెడల్ వదిలేసి తక్కువ స్వరాలతో, వేళ్లతోనే మెల్లగా వాయించడం మేలు. స్వరాలు తెగిపోవడం కన్నా కొంచెం సౌండ్ ఎక్కువైనా నయం.

పాట మొత్తం మబ్బు పట్టినట్టుంది

నన్ను అడిగితే అసలు జబ్బు ఇదే. నోట్స్‌లో మెల్లగా వాయించమని చెప్పే పి (p) అక్షరం కనిపించగానే కాలు దానంతటదే దిగుతుంది, ఇక పాట అయ్యేదాకా లేవదు. అంతా ఒకే గొంతులో వినిపిస్తే వినేవాళ్ల చెవి కాసేపటికే దానికి అలవాటు పడిపోతుంది, ఆ రంగుకి విలువ ఉండదు. ముందు పాట మొత్తం ఎడమ కాలు వెనక్కి పెట్టుకొని, వేళ్లతో ఎంత మెల్లగా వాయించగలరో అంత మెల్లగా వాయించండి. అది వచ్చాక ఒక్క చోటు ఎంచుకోండి: ఒకే చరణం రెండోసారి వచ్చినప్పుడో, స్వరం మేజర్ నుంచి మైనర్‌కి తిరిగినప్పుడో. అక్కడే తొక్కండి. ఆ చోట పై స్వరానికి మామూలు కన్నా కాస్త ఎక్కువ బరువు ఇవ్వాలి, లేకపోతే పాట కూడా తోడు స్వరాల్లో కలిసిపోతుంది.

ఫోన్‌లో రికార్డ్ చేసి చూసుకుంటే మోసపోతారు. చాలా ఫోన్లు మెల్లటి సౌండ్‌ని వాటంతటవే పెంచి, పెద్దదాన్ని తగ్గిస్తాయి. ఇంట్లోవాళ్లనో, తోటి విద్యార్థినో హాల్లో చివరి వరుసలో కూర్చోబెట్టి, ఎక్కడ మారిందో చెప్పమనండి. వాళ్లకి తెలియకపోతే ఆ పెడల్ అక్కడ దండగ.

తొక్కిన చోట, వదిలిన చోట అతుకు వినిపిస్తోంది

గ్రాండ్ అయినా అప్‌రైట్ అయినా, అప్పటికే మోగుతున్న స్వరాన్ని ఈ పెడల్ మార్చలేదు, తర్వాత కొట్టే స్వరాన్నే మారుస్తుంది. కాబట్టి వాక్యం మధ్యలో తొక్కితే అతుకు తెలుస్తుంది. పాడేవాళ్లు ఊపిరి తీసుకునే చోట తొక్కండి. వదిలేటప్పుడు, సౌండ్ పెరగడం మొదలయ్యే ముందే వదిలి, ఆ తర్వాతి మొదటి స్వరాన్ని కొంచెం తేలిగ్గా వాయించండి.

ఇంకో కారణం కాళ్లే. సస్టెయిన్ మార్చినప్పుడల్లా ఎడమ కాలు కూడా తెలియకుండా కదులుతుంటుంది. ఎడమ పెడల్ తొక్కి పట్టుకొని, కుడి కాలితో మాత్రమే తాళానికి మారుస్తూ ఒక స్కేల్ రోజూ వాయించండి. రెండు మడమలూ నేలకు ఆనాలి. మన చర్చిల్లో చెప్పులు బయటే విడుస్తారు కాబట్టి పెడల్ ఎంత దిగిందో పాదానికి బాగా తెలుస్తుంది, ఇంట్లో కూడా అలాగే సాధన చేయండి.

సగం తొక్కితే రేకు మోగినట్టు శబ్దం

గ్రాండ్‌లో గాడి అంచు సరిగ్గా తీగ కిందికి వస్తే ఇలా అవుతుంది. కొంచెం ఎక్కువో తక్కువో తొక్కి మంచి చోటు వెతుక్కోవచ్చు, ప్రతి పియానోకీ అది వేరు. పూర్తిగా తొక్కినా మోగుతుంటే, లేదా పక్క స్వరం తీగ కూడా తగులుతుంటే, ఎంత దూరం జరగాలో ఆపే స్క్రూ సరిచేయాలి, హ్యామర్లను చెక్కి సూదులతో మెత్తబరచాలి. అది టెక్నీషియన్ పని, మీరు ముట్టుకోకండి.

పెడల్ కిర్రుమంటోంది, వెనక్కి రావట్లేదు

నల్లగొండ ఎండలకి చెక్క కుంచించుకుంటుంది, వానలకి ఉబ్బుతుంది. ఎండాకాలంలో కూలర్ తడి గాలి నేరుగా పియానో మీదికి పెడితే అప్పుడు కూడా ఉబ్బుతుంది, కూలర్‌ని వేరే వైపు తిప్పండి. కొబ్బరి నూనె, కుట్టు మిషన్ నూనె మాత్రం పోయకండి, చెక్కా ఫెల్టూ పీల్చుకొని ఇంకా బిగుస్తాయి. ట్యూనర్ హైదరాబాద్ నుంచి వచ్చేది ఎప్పుడో ఒకసారి కాబట్టి, పిలిచేటప్పుడే ట్యూనింగ్‌తో పాటు ఎడమ పెడల్ కూడా చూడాలని చెప్పండి. వచ్చాక పెడల్ తొక్కి పట్టుకొని కింది నుంచి పై దాకా ఒక్కో మెట్టూ వాయించి చూపించమని అడగండి, తేడా ఉన్న మెట్ల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టండి, అవి సరయ్యాకే డబ్బులివ్వండి.