పంపింగ్ సీజన్ మొదలయ్యేముందు హెచ్‌టీ (హై టెన్షన్) మోటార్లకు మెగ్గర్ పెట్టేవాళ్లు చదవండి

మొన్న ఒక ఎత్తిపోతల పంప్ హౌస్‌లో 6.6 కేవీ మోటార్ స్టార్ట్ చేసిన కాసేపటికే ఢామ్మంది. వైండింగ్ (మోటార్ లోపలి తీగచుట్టలు) కాలిన వాసన గేటు దాకా వచ్చింది. ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచే మెగ్గర్ పెట్టలేదా అంటే, ముందు రోజే పెట్టారు. 45 మెగా ఓమ్‌లు వచ్చింది. "కేవీకి ఒకటి కలిపితే 7.6, అన్ని మెగా ఓమ్‌లుంటే చాలు, మనకు దాదాపు ఆరింతలుంది" అని ఓకే రాసేశారు. అదే రిజిస్టర్‌లో కిందటేడు అదే మోటార్‌కి 1,800 ఉంది. ఆ పేజీ ఎవరూ తిప్పలేదు.

నేను చూసిన కాలిన మోటార్లలో చాలావరకు ఇలాగే పోయాయి. ఎంత వచ్చిందన్నదొక్కటే కాదు, కిందటిసారికి ఇప్పటికి ఎంత పడిందన్నది కూడా చూడాలి. ఆ కేవీ ప్లస్ వన్ లెక్క పాతకాలం వైండింగ్‌లది. ఇప్పటి హెచ్‌టీ మోటార్లకు 40 డిగ్రీల దగ్గర కనీసం 100 మెగా ఓమ్‌లు ఉండాలి. పక్కనే వైండింగ్ టెంపరేచర్ కూడా రాయండి. సుమారు పది డిగ్రీలు పెరిగితే విలువ సగానికి పడిపోతుంది కాబట్టి, టెంపరేచర్ రాయని రీడింగ్‌ని దేనితోనూ పోల్చలేం.

ఒక్క నిమిషం చూసి ఆపేయొద్దు, పది నిమిషాలు పట్టండి. పదో నిమిషం విలువను మొదటి నిమిషం విలువతో భాగిస్తే వచ్చేది పీఐ (పోలరైజేషన్ ఇండెక్స్), అది 2కి తగ్గకూడదు. విలువ ఎక్కుతూ పోతే వైండింగ్ పొడిగా ఉన్నట్టు. మొదట ఉన్నచోటే నిలబడిపోతే తేమో మురికో పట్టినట్టే.

తేమ ఉంటే హీటర్లతో నిదానంగా ఆరబెట్టండి. తొందరపడి వేడి పెంచితే లోపలి తేమ ఆవిరై ఇన్సులేషన్‌నే చీలుస్తుంది. ఆరబెడుతుంటే మెగ్గర్ విలువ ముందు ఇంకా పడుతుంది. టెన్షన్ పడకండి, అది వేడికి పడడం. తేమ పోయేకొద్దీ మళ్లీ లేస్తుంది, లేచి నిలకడగా ఉండేదాకా ఆగండి.

లైన్ క్లియర్ (సరఫరా ఆపేశామని ఇచ్చే అనుమతి) చేతికి రాకుండా టెర్మినల్ బాక్స్ తెరవొద్దు. కేబుల్ విప్పి మోటార్‌ని విడిగా టెస్ట్ చేయండి. వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిసినప్పుడు కాపాడే సర్జ్ కెపాసిటర్లు కూడా విడదీయండి. టెర్మినల్ ఇన్సులేటర్లు పొడిగుడ్డతో తుడవండి. టెస్ట్ అవగానే వైండింగ్‌ని ఎర్త్ చేయండి. పది నిమిషాలు టెస్ట్ పెడితే నలభై నిమిషాలు ఎర్త్‌లోనే ఉంచాలి. మెగ్గర్ తీసేశాం కదా అని చేయి పెట్టొద్దు, ఛార్జ్ ఇంకా ఉంటుంది, ప్రాణం పోతుంది. "నీళ్లొచ్చేశాయి, స్టార్ట్ చేయండి" అని పైనుంచి ఫోన్ వస్తే కిందటేటి రీడింగ్, ఇవాల్టి రీడింగ్ రెండూ చదివి వినిపించండి. పాత పేజీ తిప్పకుండా ఓకే రాయొద్దు. స్టార్ట్ చేసేదాకా హీటర్లు ఆపొద్దు.