ట్యాంకు భద్రత – 6వ పాఠం: ఎర్త్ రీడింగ్ బాగుంది సరే, డిప్ టేప్ (నూనె మట్టం కొలిచే టేపు) ఎప్పుడు దించాలి?

గత పాఠంలో ఎర్త్ పిట్ (ట్యాంకును నేలకు కలిపే గుంత) రీడింగ్, అంటే నేలకు ఉన్న నిరోధం, తీయమన్నాం. తీసినవాళ్లు రెండు చోట్ల తడబడ్డారు. మొదటిది, పిట్‌లో బకెట్ల కొద్దీ నీళ్లు పోసి వెంటనే మెగ్గర్ (నిరోధం కొలిచే పరికరం) పెట్టడం. విశాఖలో ఉరుముల వానలు మొదలయ్యేది ఏప్రిల్, మే నెలల్లోనే. అప్పటికి నేల ఎండి ఉంటుంది, ఆ స్థితిలో వచ్చేదే అసలు రీడింగ్. సముద్రం వైపున్న లగ్గులు (ఎర్త్ తీగను బిగించే ముక్కలు) ఉప్పుగాలికి తుప్పు పడతాయి కాబట్టి బోల్టు విప్పి, గీకి, మళ్లీ బిగించాకే కొలవండి.

రెండోది పెద్ద తప్పు: "0.8 ఓమ్ వచ్చింది, ఇక స్టాటిక్ (నూనెలో పోగయ్యే స్థిర విద్యుత్తు) భయం లేదు" అనుకోవడం.

ఎర్త్ రీడింగ్ 10 ఓమ్‌ల లోపు ఉండాలన్నది పిడుగు కోసం. స్టాటిక్ దిగిపోవడానికి 10 లక్షల ఓమ్‌లు ఉన్నా చాలు. ఎర్త్ చేసేది ట్యాంకు గోడకు. చార్జ్ ఉండేది నూనెలో. నూనె ఆ చార్జ్‌ను గోడ దాకా చేరనివ్వాలి కదా! డీజిల్, పెట్రోల్ లాంటి వాటిలో చార్జ్ దాదాపు మూడో వంతుకు తగ్గడానికి పట్టే సెకన్లు కావాలంటే, 18ని వాహకత్వంతో (పికోసీమెన్స్/మీటరు) భాగించండి. వాహకత్వం 50 ఉంటే అర సెకను కూడా పట్టదు. 1 ఉంటే 18 సెకన్లు. అయినా పంపు ఆగాక డిప్ తీయడానికి 30 నిమిషాలు ఆగమనేది ఎందుకంటే, అప్పుడు కూడా నూనెలోని నీటి చుక్కలు అడుగుకు దిగుతూ కొత్త చార్జ్ పుట్టిస్తూనే ఉంటాయి. పిట్ రీడింగ్ 0.1 వచ్చినా ఆ చుక్కలు ఆగవు.

ఆలోగా గేజ్ హాచ్ (ట్యాంకు పైకప్పు మీద కొలతకు తెరిచే మూత) తెరిచి టేప్ దించితే, చార్జ్ ఉన్న నూనె ఉపరితలం నుంచి టేప్ బాబ్‌కు (చివరనుండే బరువుకు) నిప్పురవ్వ దూకవచ్చు. నైలాన్ తాడుకు కట్టిన ఇనప శాంపిల్ డబ్బా ఇంకా ప్రమాదం: చార్జ్ ఎక్కించుకుని, పైకి లాగేటప్పుడు హాచ్ అంచు దగ్గర వదిలేస్తుంది. నూలు తాడు వాడండి. అడుగు దాకా దిగిన గేజ్ పైపు ఉంటే దాని లోపలే డిప్ తీయండి, అప్పుడు ఆగక్కర్లేదు. నా మటుకు నేను ఎప్పుడూ గేజ్ పైపునే ఎంచుకుంటాను.

నింపడం మొదలుపెట్టేటప్పుడు వేగం సెకనుకు 1 మీటరు దాటకూడదు. ఫిల్ పైపు మూతి పైపు వ్యాసానికి రెట్టింపు లోతునో, 0.6 మీటర్లో, ఏది తక్కువైతే అంత మునిగే దాకా ఇదే లెక్క. ఫ్లోటింగ్ రూఫ్ (నూనెపై తేలే కప్పు) అయితే రూఫ్ తేలే దాకా. 8 అంగుళాల లైనులో (లోపలి వ్యాసం 203 మి.మీ.) సెకనుకు 1 మీటరు అంటే గంటకు 116 కిలోలీటర్లు. ఫిల్టర్ దాటాక ట్యాంకు చేరడానికి నూనెకు 30 సెకన్లు పట్టాలి: సెకనుకు 3 మీటర్ల వేగానికి 90 మీటర్ల పైపు.

అభ్యాసం: మీ లైన్లన్నిటికీ సెకనుకు 1 మీటరు వేగానికి గంటకు ఎన్ని కిలోలీటర్లో లెక్క కట్టి పంపు దగ్గర రాసి పెట్టండి. 10 అంగుళాలకు (254.5 మి.మీ.) 183 రావాలి, రాకపోతే వ్యాసాన్ని మీటర్లలోకి మార్చారో లేదో చూసుకోండి. తర్వాత గత నెల డిప్ రిజిస్టర్ తీసి, గేజ్ పైపులో తీయని డిప్‌లలో పంపు ఆగిన సమయానికీ డిప్ సమయానికీ మధ్య 30 నిమిషాలు లేని ప్రతి ఎంట్రీ కింద గీత గీయండి.