డస్ట్ కలెక్టర్ లాగడం లేదా? మోటారు విప్పే ముందు చూడాల్సినవి

డస్ట్ కలెక్టర్ అంటే చెక్కపొట్టునీ దుమ్మునీ గాలితో లాగి సంచిలో పోసే మిషన్. దాని మోటారు తిరుగుతోంది, పైసంచి ఉబ్బింది, మోత ఎప్పటిలాగే ఉంది. రంపం దగ్గర మాత్రం పొట్టు కింద కుప్పపడుతోంది. షెడ్డులో మొదట వినపడే మాట ఒకటే: "మోటారు డౌనైపోయినట్టుంది అన్నా." నా అనుభవంలో మోటారు తప్పు చేసేది చాలా తక్కువ. తేడా ఎక్కువసార్లు గాలి నడిచే దారిలో ఉంటుంది. మెకానిక్ వచ్చి మోటారు విప్పేశాక ఆ సంగతి తెలిస్తే ఉపయోగం లేదు.

వడ్రంగి షెడ్లలో ఎక్కువగా కనిపించే రకాన్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను: 2 లేదా 3 హెచ్‌పీ మోటారు, దానికో ఇంపెల్లర్ (గాలిని లాగే రెక్కల చక్రం), పైన గాలి వడకట్టే బట్టసంచి, కింద పొట్టు పడే ప్లాస్టిక్ సంచి.

ముందు ఈ పరీక్ష

మిషన్ నోటికి తగిలించిన పైపు ఊడదీయండి. మిషన్ ఆన్ చేసి నోటికి దగ్గరగా ఓ అట్టముక్క తీసుకెళ్లండి. చెయ్యి పెట్టొద్దు, లోపల ఇంపెల్లర్ నిమిషానికి దాదాపు 2,800 చుట్లు తిరుగుతోంది. అట్టముక్క చేతిలోంచి లాక్కున్నట్టు పోయి అతుక్కుంటే మిషన్ బాగుంది, జబ్బు పైపుల్లో ఉంది. మెల్లగా, మొహమాటంగా అతుక్కుంటే జబ్బు మిషన్లోనే ఉంది. ఈ ఒక్క నిమిషం పనితో వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది.

మిషన్ దగ్గర బాగుంది, రంపం దగ్గర లాగుడు లేదు

చెక్కపొట్టు పైపులో కింద పడకుండా ఎగురుతూ పోవాలంటే గాలి వేగం సెకనుకు 20 మీటర్ల దాకా ఉండాలి. 4 అంగుళాల పైపులో ఆ వేగం రావాలంటే నిమిషానికి సుమారు 350 ఘనపుటడుగుల గాలి కావాలి. 6 అంగుళాలకైతే దాదాపు 785. చిన్న మిషన్ ఉన్నవాళ్లు "పెద్ద పైపు వేస్తే బాగా లాగుతుంది" అనుకుని షెడ్డు పొడవునా 6 అంగుళాల పైపు వేస్తారు. గాలి నెమ్మదించి, పొట్టు పైపు అడుగున పరుపులా పేరుకుంటుంది. 4 అంగుళాల పైపునే ఆ మూల నుంచి ఈ మూలకి తిప్పితే ఇంకో బాధ, రాపిడికే సగం బలం పోతుంది. మిషన్ చిన్నదైతే పైపు పొట్టిగా ఉంచి, మిషన్నే చక్రాల మీద రంపం దగ్గరకి తోసుకుపోవడం నయం.

పైపు ఎక్కడ పూడిందో తెలుసుకోవడానికి చెక్కముక్కతో తడుతూ నడవండి. ఖాళీ పైపు డొల్లగా మోగుతుంది. పూడిన చోట మెత్తగా, బియ్యం బస్తాని తట్టినట్టు వినిపిస్తుంది. ఎక్కువగా మలుపు దాటిన వెంటనే, లేదా పైకి ఎక్కే పైపు మొదట్లో దొరుకుతుంది. 90 డిగ్రీల ఎల్బో ఉన్న చోట రెండు 45లు, మధ్యలో జానెడు పైపు వేసుకుంటే మళ్లీ అంత తేలిగ్గా పూడదు. చుట్టలు చుట్టలుగా సాగే ఫ్లెక్సిబుల్ గొట్టం, అదే పొడవున్న నున్నటి పైపు కంటే రెండు మూడు రెట్లు గాలిని ఆపుతుంది. మిషన్ కదిలే చోట మీటరు, మీటరున్నర వాడండి, మిగతాదంతా పీవీసీ.

జాయింట్లలో గాలి కారుతోందా అని చూడ్డానికి చాలామంది అగరుబత్తి వెలిగించి పొగ ఎటు పోతోందో చూస్తారు. దయచేసి ఆ పని చేయకండి. నిప్పు రవ్వని లోపలికి లాగి పొట్టు సంచిలో పడేయడానికి అంతకంటే తేలికైన దారి లేదు. సన్నటి టిష్యూ కాగితం చీలిక జాయింటు పక్కన పట్టుకుంటే చాలు, కారే చోట అది పైపుకి అతుక్కుంటుంది. అక్కడ సిలికాన్ గానీ టేపు గానీ వేయండి. శాశ్వతంగా అతికించేయవద్దు, రేపు పూడినప్పుడు విప్పాల్సింది మీరే.

గేట్లు, అంటే ఒక్కో రంపానికి పోయే పైపుని మూసి తెరిచే జారుడు పలకలు కూడా చూడండి. పలక జరిగే గాడిలో పొట్టు బిగుసుకుని, "మూశాం" అనుకున్న గేటు వేలెడు తెరుచుకునే ఉంటుంది. అలాంటివి మూడుంటే పని జరిగే రంపానికి గాలి మిగలదు. పాత టూత్‌బ్రష్‌తో గాడి శుభ్రం చేయండి.

మిషన్ నోటి దగ్గరే లాగుడు పడిపోయింది

వరసగా చూడాల్సినవి నాలుగు. మొదటి రెండూ చిన్నవి: కింది సంచి మూడొంతుల్లో రెండొంతులు దాటి నిండితే, పడిన పొట్టు మళ్లీ లేచి పైసంచిని పూడుస్తుంది. నోట్లో ప్లస్ గుర్తులా ఉండే కమ్మీలకి చిత్రిక పట్టిన పొడుగు పొట్టు చుట్టుకుని పిచ్చుకగూడు కడుతుంది. ప్లగ్గు పీకి, ఆ గూడు లాగేయండి. కొందరు విసిగి ఆ కమ్మీల్నే కోసేస్తారు. అప్పుడు చెక్కముక్క నేరుగా ఇంపెల్లర్‌ని కొడుతుంది. కమ్మీలు ఉంచి, మిషన్‌కి ముందు ఒక డ్రమ్ము పెట్టుకోవడం మేలు. పెద్ద పొట్టంతా దాంట్లోనే రాలిపోతుంది.

మూడోది పైసంచి పూడటం. ఇది రోజుకింత చొప్పున జరుగుతుంది గనుక కళ్లకి తెలియదు. తాపీమేస్త్రీ నీటి మట్టం చూసే సన్నటి పారదర్శక గొట్టం ఉంటుంది కదా, అదే దీనికి కొలబద్ద. మూరెడు చెక్కపలక మీద ఆ గొట్టాన్ని 'యు' ఆకారంలో మేకులతో బిగించి, సగానికి రంగునీళ్లు పోయండి. ఒక కొసని రెండు సంచుల మధ్య ఉండే రేకు చట్రంలో చిన్న రంధ్రం చేసి పెట్టండి, రెండో కొస అలా వదిలేయండి. సంచి శుభ్రంగా ఉన్నప్పుడు ఒకే గేటు తెరిచి మిషన్ వేసి, రెండు వైపులా నీళ్ల ఎత్తుకి ఎంత తేడా వచ్చిందో మార్కర్‌తో గీసుకోండి. తర్వాతెప్పుడైనా అదే గేటు తెరిచి చూసినప్పుడు తేడా రెట్టింపైతే సంచి దులపాలి. దులిపినా దిగకపోతే బట్ట రంధ్రాల్లోకి దుమ్ము ఇంకిపోయిందని అర్థం, మార్చేయాలి. ఒక మెలిక ఉంది: తేడా గీత కంటే బాగా తగ్గిపోతే సంచి శుభ్రంగా ఉందని మురిసిపోకండి. పైపులోనో నోట్లోనో ఏదో అడ్డుపడి, అసలు గాలే సంచి దాకా రావడం లేదు.

సంచిని ఆరుబయట, ఎన్95 మాస్క్ పెట్టుకుని, బయటి నుంచి తట్టి దులపండి. కంప్రెసర్ వాడితే గాలి బయటి వైపు నుంచి, జానెడు దూరంలో, తక్కువ ఒత్తిడితో కొట్టండి. దగ్గర పెడితే బట్ట నేత వదులవుతుంది. ముసురు పట్టిన రోజుల్లో, కోస్తా జిల్లాల్లో మరీను, లోపలి దుమ్ము చెమ్మకి అట్టకడుతుంది. అలాంటి సంచిని ముందు ఎండలో పెట్టి దులిపితే అట్ట పెచ్చులుగా ఊడుతుంది. తడి మీద రుద్దితే ఇంకా ఇంకిపోతుంది.

నాలుగోదాన్ని నేను నాలుగు రోజులు పట్టుకోలేకపోయాను. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏదో మరమ్మతు జరిగాక మర్నాటి నుంచి లాగుడు సగమైంది. సంచి దులిపాను, గొట్టాలన్నీ విప్పాను, కొత్త క్లిప్పులు కొన్నాను. చివరికి ఎలక్ట్రీషియన్ మోటారు వెనక ఫ్యాను వంక ఓ క్షణం చూసి, "ఉల్టా తిరుగుతోంది సార్" అన్నాడు. త్రీఫేజ్‌లో రెండు వైర్లు తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది. ఇలాంటి ఫ్యాను వెనక్కి తిరిగితే గాలి ఊదుతుందనుకుంటాం గానీ, ఊదదు. వెనక్కి తిరిగినా అటు నుంచే లాగుతుంది, కాకపోతే బాగా తక్కువగా. అందుకే అనుమానం రాదు. మిగతా మిషన్లు త్రీఫేజ్ అయితే అవీ ఉల్టా తిరిగి దొరికిపోయేవి, నావి సింగిల్ ఫేజ్ కావడంతో దొరకలేదు. బాడీ మీద బాణం గుర్తు ఉంటుంది. స్విచ్ ఆపాక ఫ్యాను నెమ్మదించేటప్పుడు దాంతో పోల్చి చూడండి. ఉల్టా అయితే ఏవో రెండు ఫేజులు మార్పిస్తే సరిపోతుంది. ఉల్టా తిరిగిన రోజుల్లో ఇంపెల్లర్ బోల్టు వదులయ్యే ప్రమాదం ఉంది, అది కూడా బిగించి చూడండి. ఫేజ్ వరస తప్పినా, ఒక ఫేజ్ పోయినా మోటారుని ఆపేసే ప్రివెంటర్లు దొరుకుతాయి. మోటారు వైండింగ్ ఖర్చు ఒకసారి పెట్టినవాళ్లకి దాని గురించి వేరే చెప్పక్కర్లేదు.

మోటారు గుంయ్‌మంటోంది, తిరగడం లేదు

వెంటనే ఆపేయండి, అలాగే ఉంచితే వైండింగ్ కాలుతుంది. ప్లగ్గు పీకి, వెనక ఫ్యానుని చేత్తో తిప్పండి. బిగుసుకుపోతే బేరింగ్ పట్టేసి ఉండాలి, లేదా చెక్కముక్క ఇరుక్కుని ఉండాలి. స్వేచ్ఛగా తిరిగితే, సింగిల్ ఫేజ్ మోటారులో మొదటి అనుమానం కెపాసిటర్ మీద. పొట్ట ఉబ్బిందా, నూనె కారిందా చూడండి. ముట్టుకునే ముందు దాని రెండు కొసలకి పాతకాలపు ఫిలమెంట్ బల్బు తగిలించి, మిగిలిన చార్జి దించేయాలి. కొత్తది కొనేటప్పుడు మైక్రోఫారడ్ అంకె పాతదే ఉండాలి, వోల్టేజీ అంకె మాత్రం పాతదానికంటే తక్కువ ఉండకూడదు. త్రీఫేజ్ అయితే ఒక ఫేజ్ పోయిందేమో చూడండి.

తిరుగుతూ తిరుగుతూ ట్రిప్ అవుతోంది

ఇక్కడ చాలామంది లెక్క తలకిందులవుతుంది. "పైపు పూడి మోటారు మీద లోడు పడింది" అంటారు. ఈ రకం ఫ్యానుకి గాలే బరువు. ఎంత ఎక్కువ గాలి మోస్తే అంత ఎక్కువ కరెంటు తాగుతుంది. నోరు పూర్తిగా మూస్తే ఆంపియర్లు తగ్గుతాయి, మోత సన్నబడి కీచుమంటుంది. నమ్మకం లేకపోతే టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) వేసి, నోటికి అట్ట అడ్డం పెట్టి చూడండి. కాబట్టి ఆంపియర్లు మామూలు కంటే తగ్గితే దారి పూడింది. పెరిగితే వోల్టేజీ తగ్గి ఉండాలి, బేరింగ్ పట్టేస్తూ ఉండాలి, లేదా పైపు లేకుండా నోరు బార్లా తెరిచి నడుపుతూ ఉండాలి. 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు 9, 10 ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల ప్లగ్గులో గుచ్చి, సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరుతో నడిపితే వైరు వేడెక్కుతుంది, మోటారుకి వోల్టేజీ అందదు. 16 ఆంపియర్ల ప్లగ్గు, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఉండాలి.

వణుకు, గరగర

ఉన్నట్టుండి వణుకు మొదలైతే ఇంపెల్లర్ రెక్కకి ఏదో చుట్టుకుంది, లేదా రెక్క విరిగింది. మెల్లమెల్లగా పెరిగితే పైన్ చెక్కల బంక రెక్కలకి ఎగుడుదిగుడుగా పేరుకుంటోంది. రూపాయి బిళ్లంత ముద్ద చాలు, ఆ వేగానికి మిషన్ నేల మీద నడవడానికి. చెక్క గరిటెతో గీకండి, ఉలి వద్దు. ఇంపెల్లర్ని షాఫ్టు మీద పట్టి ఉంచే గ్రబ్ స్క్రూ (తలలేని మర) కూడా అలెన్ కీతో బిగించండి. వణుకు లేకుండా గరగర మాత్రమే ఉంటే బేరింగ్. పాతదాని అంచు మీద 6204 లాంటి నంబరు ఉంటుంది, రెండు వైపులా మూతలున్న రకమే తీసుకోండి. మూత లేనిదైతే మన దుమ్ముకి నిలవదు. సుత్తితో కొట్టి ఎక్కించకుండా మెకానిక్ దగ్గర ప్రెస్ చేయించండి.

పొట్టంతా లాగుతోంది, కానీ షెడ్డంతా సన్నటి దుమ్ము

నిజానికి జనం పట్టించుకోనిదీ, పట్టించుకోవాల్సిందీ ఇదే. కింద పడే పొట్టు చీపురుతో పోతుంది. గాలిలో తేలేది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 1995లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ చెక్క దుమ్ముని మనుషులకి క్యాన్సర్ తెచ్చే మొదటి గ్రూపులో చేర్చింది. ఎండీఎఫ్ (చెక్కపీచుని జిగురుతో అదిమి చేసే పలక) దుమ్ములోనైతే జిగురు కూడా ఉంటుంది.

చీకటిపడ్డాక లైట్లార్పి, మిషన్ వేసి, పైసంచికి పక్కగా టార్చి కొట్టండి. వెలుగు చారలో పొగలా లేస్తే బట్ట సన్నదాన్ని ఆపడం లేదు. ఒకే చోట నుంచి దారంలా చిమ్మితే చిల్లు, చిల్లుకి ఎక్కువగా ఎలుకే కారణం. చట్రం చుట్టూ లేస్తే సంచిని చట్రానికి బిగించే బెల్టు సరిగా కూర్చోలేదు. కొత్త సంచైతే కొన్ని గంటలు ఆగండి, లోపల పలచగా దుమ్ము పొర కట్టాకే అది సరిగా వడకడుతుంది. సంచిని మాటిమాటికీ ఉతికేవాళ్లు ఆ పొరని మాటిమాటికీ పోగొట్టుకుంటున్నారు. చవకగా వచ్చే 30 మైక్రాన్ల బట్ట పొట్టుని ఆపుతుంది, దుమ్ముని షెడ్డంతా చల్లుతుంది. 1 మైక్రాన్ ఫెల్ట్ సంచి తీసుకోండి. దానికి వైశాల్యం ఎక్కువ ఉండాలి, లేకపోతే లాగుడు పడిపోతుంది.

సైక్లోన్ (గాలిని సుడిగా తిప్పి పొట్టుని కింది డ్రమ్ములో రాల్చే గరాటు) ఉండి కూడా ఫిల్టరు తొందరగా నిండుతుంటే కింది డ్రమ్ము మూత చూడండి. అక్కడ సన్నటి సందున్నా గాలి కింది నుంచి పైకి లాగి, రాలిన దుమ్ముని మళ్లీ లేపుతుంది. మూత చుట్టూ కొత్త రబ్బరు వేస్తే చాలు.

ఎండాకాలం, నిప్పు

పొడి గాలికి పీవీసీ పైపు మీద స్థిర విద్యుత్తు పేరుకుని, ముట్టుకుంటే చురుక్కుమంటుంది. పైపు పొడవునా బేర్ రాగి తీగ చుట్టి, మిషన్ బాడీకి, అక్కణ్నుంచి ఎర్తుకి కలపండి. గోడలో ఎర్తు నిజంగా ఉందో లేదో కూడా ఒకసారి చూపించుకోండి.

ఇనుము గ్రైండ్ చేసే చోటికి ఈ గొట్టం ఎప్పుడూ తగిలించకండి. పాత తలుపులూ దూలాలూ కోసేటప్పుడు ముందు మేకులు పీకండి. రవ్వ సంచిలో పడితే వెంటనే మంట రాదు, పొట్టులో రాజుకుంటూ గంటల తర్వాత అంటుకుంటుంది. షట్టరు దించే ముందు కింది సంచి ఖాళీ చేసి, పొట్టుని బయట మూతున్న ఇనప డ్రమ్ములో పోసి, ఆ డ్రమ్ముని గోడకి దూరంగా జరపండి.