పాత ఉత్తరాన్ని పటం కట్టించడం ఎలా?

మన బడుల్లో, ట్యూషన్ సెంటర్లలో గోడ మీద తరచూ ఒక ఉత్తరం కనిపిస్తుంది: అబ్రహాం లింకన్ తన కొడుకు ఉపాధ్యాయుడికి రాసిన లేఖ. చదవడానికి బాగానే ఉంటుంది. చిక్కల్లా ఒకటే. లింకన్ రచనల సంపుటాల్లో అది ఎక్కడా లేదు, ఆయన చేతిరాతలో దాన్ని చూపించినవారూ లేరు.

అదే లింకన్ 1860 అక్టోబరు 19న గ్రేస్ బెడెల్ అనే పదకొండేళ్ల అమ్మాయికి నిజంగానే ఒక ఉత్తరం రాశారు. మీ ముఖం బక్కచిక్కి ఉంది, గడ్డం పెంచండి, ఆడవాళ్లకు గడ్డాలంటే ఇష్టం, భర్తలను పోరి మరీ మీకు ఓటు వేయిస్తారు అని అంతకు ముందు ఆ పిల్ల సలహా ఇచ్చింది. ఇన్నాళ్లూ లేని గడ్డం ఇప్పుడు పెంచితే జనం వేషాలు అనుకోరా అని ఆయన జవాబు. ఆ తర్వాత పెంచారు! పిల్లల గదిలో పెట్టదగిన ఉత్తరమంటే నా లెక్కలో ఇది.

1. ముందు చివరిదాకా చదవండి

చూడముచ్చటైన పాత చేతిరాత కనిపించగానే కొనేస్తే, అందులో ఏముందని చుట్టాలు అడిగినప్పుడు నీళ్లు నమలాల్సి వస్తుంది. ఉత్తరం ఎవరిది, ఎవరికి, ఎప్పుడు రాశారు, అసలు ప్రతి ఎక్కడుంది అన్న నాలుగూ తేలాకే ముందుకు వెళ్లండి. గెలీలియో చేతిరాతగా మిషిగన్ విశ్వవిద్యాలయం దశాబ్దాలపాటు దాచుకున్న కాగితమే నకిలీదని 2022లో తేలింది. ఆ కాగితంలోని వాటర్‌మార్కు (వెలుతురుకు పట్టి చూస్తే కనిపించే తయారీ గుర్తు) పద్దెనిమిదో శతాబ్దానిది. గెలీలియో 1642లోనే చనిపోయారు.

ఏ గదికి ఏ ఉత్తరం అన్నదీ ఇప్పుడే ఆలోచించాలి. పడకగదికైతే నా ఓటు చిత్రకారుడు వాన్ గోకు. 1888 అక్టోబరు 16న ఆర్ల్ ఊరి నుంచి తమ్ముడు థియోకు రాసిన ఉత్తరంలో ఆయన తన పడకగదినే గీసి పంపాడు. బొమ్మ గీతల్లోనే ఉంటుంది. రంగులన్నీ మాటల్లో చెప్పాడు: గోడలు లేత ఊదా, నేల ఎర్ర పలకలు, మంచం, కుర్చీలు తాజా వెన్న పసుపు, దుప్పటి సింధూరపు ఎరుపు, కిటికీ ఆకుపచ్చ. గీతలు చూస్తూ రంగులు మనమే నింపుకోవాలి. మంచానికి ఎదురుగా వేలాడదీయడానికి ఇంతకంటే ఏం కావాలి?

2. మంచి బొమ్మ సంపాదించండి

వాట్సాప్‌లో వచ్చిన బొమ్మ పనికిరాదు. మొదటిసారి నేను చేసిన తప్పు అదే. ఫోనులో చక్కగా కనిపించిన ఉత్తరం ఎ3 కాగితం మీదకు వచ్చేసరికి అక్షరాల అంచులు రంపపు పళ్లలా తేలాయి. పోస్టరు నాలుగు వందలు, బుద్ధి ఉచితం.

అంగుళానికి 300 చుక్కల లెక్కన ఎ4కు సుమారు 2480 × 3508 పిక్సెళ్లు, ఎ3కు 3508 × 4961 పిక్సెళ్లు కావాలి. కొంచెం తగ్గినా ఫొటో తట్టుకుంటుంది కానీ సన్నని కలం గీత తట్టుకోదు. వాన్ గో ఉత్తరాలకు ప్రత్యేకంగా వెబ్‌సైటు ఉంది. పైన చెప్పినది అందులో 705వ ఉత్తరం. బొమ్మ, ఫ్రెంచి పాఠం, ఇంగ్లీషు అనువాదం ఒకేచోట దొరుకుతాయి. లింకన్ కాగితాలకు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, గాంధీ కోసం సబర్మతీ ఆశ్రమం వారి గాంధీ హెరిటేజ్ పోర్టల్ చూడండి. (తన చేతిరాత బాగుండదని గాంధీ ఆత్మకథలో బాధపడ్డారు. పటం కట్టే ముందు అదీ గుర్తుంచుకోండి.) మీ ఇంటి గోడకు సరే, అమ్ముకునే ఆలోచన ఉంటే మాత్రం ఆ సంస్థ పెట్టిన షరతులు, కాపీరైటు గడువు చదువుకోవాలి.

3. అచ్చు వేయించడం

మ్యాట్ కాగితమే అడగండి. నిగనిగలాడే కాగితం మీద ట్యూబులైటు కనిపిస్తుంది, ఉత్తరం కనిపించదు. మందం 200 నుంచి 300 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మధ్య ఉంటే చాలు. షాపులో కుర్రవాడు మంచి మనసుతో పసుపు పచ్చని కాగితాన్ని తెల్లగా ‘శుభ్రం’ చేసేస్తాడు. మడతల గీతలు, సిరా మరకలు అన్నీ ఎగిరిపోతాయి. రంగులు ముట్టుకోవద్దని ముందే చెప్పి, ఒక మూల ముక్కను చిన్న కాగితం మీద వేయించి, ఎండలోకి తీసుకెళ్లి చూసుకోండి.

4. పటం కట్టించడం

ఉత్తరానికీ ఫ్రేముకూ మధ్య చుట్టూ అయిదారు సెంటీమీటర్ల మౌంటు, అంటే అట్ట అంచు, వదిలించండి. అద్దానికి కాగితం అంటుకోకుండా కాపాడేది అదే. మన వానాకాలపు చెమ్మకు అద్దానికి అంటుకున్న కాగితం చిరగకుండా ఊడి రాదు. ఫ్రేము సన్నగా, నలుపో టేకు రంగో ఉంటే మంచిది. బంగారు రంగు పూల ఫ్రేములు దేవుడి పటాలకే అందం.

ఇంకో పని చాలామంది మరిచిపోతారు. ఫ్రెంచి ఉత్తరాన్ని మనింట్లో ఎవరు చదువుతారు? నాలుగు వాక్యాలు తెలుగులోకి మార్చి, తేదీ, పేర్లు చేర్చి, చెయ్యి చాపినంత దూరం నుంచి చదవగలిగే అక్షరాలతో చిన్న అట్ట మీద అచ్చు వేయించి కింద పెట్టండి. మీ దస్తూరి బాగుంటే చేత్తోనే రాయండి.

5. గోడ మీద

పటాల కొలతల్లో పాత వార్తాపత్రికలు కత్తిరించి, టేపుతో గోడకు అంటించి రెండు రోజులు చూడండి. తర్వాతే డ్రిల్లు. పటం మధ్యభాగం నేల నుంచి దాదాపు 145, 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. భోజనాల బల్ల దగ్గరైతే కూర్చున్నవారి కంటికి తగ్గట్టు ఇంకా దించండి. పడమటి కిటికీ ఎండ నేరుగా పడే గోడ, స్నానాలగది పక్క గోడ వద్దు. వెనక నాలుగు మూలలా చిన్న కార్కు ముక్కలు అతికిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది.

మీ ఇంటి ఉత్తరాలైతే

ట్రంకుపెట్టెలో తాతగారి నీలం ఇన్‌లాండు కవరు ఉందా? ‘ఉభయకుశలోపరి’తో మొదలై, చోటు చాలక అంచుల వెంట నిలువుగా సాగి, చివరి వాక్యం చిరునామా పక్కకు ఎక్కిన ఉత్తరం? అసలుది మాత్రం గోడకెక్కించకండి, లామినేషన్ అసలే చేయించకండి. అంగుళానికి 600 చుక్కల వద్ద స్కాన్ చేయిస్తే రెట్టింపు సైజులోనూ అక్షరం చెదరదు. అప్పుల గొడవో, పెళ్లి సంబంధం తప్పిన సంగతో అందులో ఉంటే ఆ పేజీ వదిలేసి, చిరునామా ఉన్న వైపు వేయించుకోండి. పోస్టాఫీసు ముద్ర, తాతగారి దస్తూరి, ఊరి పేరు అన్నీ అటువైపే ఉంటాయి.