ఈవ్ ఆన్‌లైన్‌లో షిప్పుకు రక్షణ మాడ్యూళ్లు ఎలా ఎంచుకోవాలి?

ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఆటలో షిప్పు పేలితే పోయినట్టే, మళ్లీ కొనుక్కోవాల్సిందే. కాబట్టి తుపాకుల సంగతి తర్వాత, ముందు రక్షణ.

1. షీల్డా, ఆర్మరా తేల్చుకోండి. షిప్పుకు షీల్డ్ (పైనుండే శక్తి కవచం), ఆర్మర్ (లోహపు కవచం), హల్ (షిప్పు ఒళ్లు) అని మూడు పొరలు. మాడ్యూళ్లంటే షిప్పుకు తగిలించే పరికరాలు, స్లాట్లంటే అవి కూర్చునే గూళ్లు. షీల్డ్ మాడ్యూళ్లు ఎక్కువగా ‘మిడ్’ స్లాట్లలో, ఆర్మర్‌వి ‘లో’ స్లాట్లలో కూర్చుంటాయి. ఏ స్లాట్లు ఎక్కువున్నాయో, షిప్పు బోనస్ దేనికుందో చూడండి. ఆటలోని కాల్డారీ రాజ్యం వాళ్ల డ్రేక్ షిప్పు అయితే షీల్డ్, అమార్ రాజ్యం షిప్పులైతే సాధారణంగా ఆర్మర్. రెండూ కొంచెం కొంచెం పెడితే రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టే. ఏదైనా సరే, ‘లో’ స్లాట్‌లో డ్యామేజ్ కంట్రోల్ అనే మాడ్యూల్ ఒకటి పెట్టుకోండి. మూడు పొరలకీ పనికొస్తుంది. ఒకటికి మించి పెట్టనివ్వరు.

2. కొట్టేదెవరో తెలుసుకోండి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. దెబ్బలు నాలుగు రకాలు: ఈఎం (విద్యుదయస్కాంత), థర్మల్ (వేడి), కైనటిక్ (తాకిడి), ఎక్స్‌ప్లోజివ్ (పేలుడు). మామూలు షిప్పు షీల్డ్‌కు వీటి మీద వరుసగా 0, 20, 40, 50 శాతం నిరోధం ఉంటుంది. ఆర్మర్ దాదాపు తలకిందులు: ఈఎంకు గట్టిది, ఎక్స్‌ప్లోజివ్‌కు మెత్తన. ఆటలో కంప్యూటర్ నడిపే దొంగల ముఠాల్లో బ్లడ్ రైడర్లు, సాన్షా మనుషులు ఈఎం, థర్మల్‌తో కొడతారు. గురిస్టాస్‌ది ముఖ్యంగా కైనటిక్, ఏంజెల్ కార్టెల్‌ది ఎక్స్‌ప్లోజివ్.

ఇప్పుడు లెక్క చూడండి. 4000 పాయింట్ల షీల్డ్‌తో బ్లడ్ రైడర్ల మీదికి పోతే, ఈఎం దెబ్బకు ఆ 4000 అచ్చంగా 4000 గానే పనిచేస్తుంది. ఈఎం నిరోధం 50 శాతానికి తెస్తే 8000 విలువ, 75కు తెస్తే 16000. కన్నం ఎక్కడుంటే అక్కడే హార్డెనర్ (నిరోధం పెంచే మాడ్యూల్) పెట్టాలి. ఎదుట ఉండేది సాటి ఆటగాడైతే ఏం పట్టుకొస్తాడో చెప్పలేం, అప్పుడు నాలుగు రకాలకూ కాసే మల్టీస్పెక్ట్రమ్ మాడ్యూల్ మేలు.

3. “ఇంకో హార్డెనర్ పెట్టుకోప్పా, ఏం కాదు” అని అనంతపురం దోస్తు అంటే తొందరపడకండి. ఒకే నిరోధాన్ని పెంచే మాడ్యూళ్లు పేర్చేకొద్దీ పస తగ్గుతుంది: రెండోది సుమారు 87 శాతమే పనిచేస్తుంది, మూడోది 57, నాలుగోది 28. మూడోదే అనుమానం, నాలుగోది దండగ.

4. నిల్వా, మరమ్మతా? షీల్డ్‌కు ఎక్స్‌టెండర్, ఆర్మర్‌కు ప్లేటు పాయింట్లు పెంచుతాయి, బటన్ నొక్కే పని లేదు. షీల్డ్‌కు బూస్టర్, ఆర్మర్‌కు రిపేరర్ అనేవి కెపాసిటర్ (షిప్పు బ్యాటరీ) తాగుతూ, పోయిన పాయింట్లను నింపుతాయి. షీల్డ్ బూస్టర్ సైకిల్ మొదట్లోనే నింపుతుంది, ఆర్మర్ రిపేరర్ సైకిల్ చివర్లో. అందుకే రిపేరర్‌ను ఆర్మర్ అడుగంటకముందే నొక్కాలి. ఎండాకాలం కర్నూల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు కాబట్టి నా ఓటు నిల్వకే. రూటర్‌ను ఇన్వర్టర్‌కు కలుపుకుంటే ఇంకా నయం.

ఎక్స్‌టెండర్‌తో సిగ్నేచర్ (శత్రువు గురికి షిప్పు కనిపించే సైజు) పెరిగి వాళ్లకు గురి సులువవుతుంది, ప్లేటుతో బరువు పెరిగి షిప్పు మందగిస్తుంది. ఊరికే ఏదీ రాదు.

5. కొనేముందు ఆటలోని ఫిట్టింగ్ కిటికీలో సిమ్యులేషన్ పెట్టి, ఈ మాడ్యూళ్లన్నిటికీ షిప్పు సీపీయూ, పవర్‌గ్రిడ్ (కరెంటు) సరిపోతాయో చూసుకోండి. డబ్బులేం పోవు. రోజూ సాయంత్రం మన 4:30కు సర్వర్ ఆపుతారు, ఆ వేళకు ముందు పెద్ద మిషన్ పెట్టుకోవద్దు. ఒక నక్షత్ర మండలం నుంచి ఇంకోదానికి గేటు దాటిన ప్రతిసారీ హార్డెనర్లు ఆగిపోతాయి. అవతల దిగగానే మళ్లీ ఆన్ చేసుకోండి.