అర్ధరాత్రి ఐఎస్‌డీ కాల్స్: సిస్కో ఎక్స్‌ప్రెస్‌వేలో (ఆఫీసు వీడియో, ఫోన్ కాల్స్ ఎటు వెళ్లాలో నిర్ణయించే సర్వర్) కాల్ రూటింగ్ ఆంక్షలు

సమస్య: పీఆర్‌ఐ లైన్ (ఆఫీసుకు ఒకేసారి చాలా కాల్స్ మోసే ఐఎస్‌డీఎన్ డిజిటల్ ఫోన్ లైను) బిల్లులో ఎవరూ చేయని ఐఎస్‌డీ కాల్స్ కనిపిస్తున్నాయి. అన్నీ ఆఫీసులో మనుషులే ఉండని వేళల్లో వెళ్లినవి.

కారణం: ఇది సాధారణంగా టోల్ ఫ్రాడ్, అంటే మీ లైను మీద పరాయివాళ్లు దొంగతనంగా చేసే కాల్స్. ఇంటర్నెట్ వైపు తెరిచి ఉన్న 5060 (సిప్), 1720 (హెచ్.323) అనే ఇంటర్నెట్ కాలింగ్ పోర్టులను స్కానింగ్ ప్రోగ్రాములు పగలూ రాత్రీ తడుతూనే ఉంటాయి. బయటి లైనుకు 9 నొక్కాలని ఊహించడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. 9, తర్వాత 00, ఆపై ఏదో దేశం కోడ్. డిఫాల్ట్ జోన్ (తెలియని బయటి కాల్స్ వచ్చే దారి) ద్వారా వచ్చిన ఆ కాల్‌ని సిస్కో ఎక్స్‌ప్రెస్‌వే మీ సెర్చ్ రూల్స్ (ఏ నంబర్ ఎటు వెళ్లాలో చెప్పేవి) ప్రకారమే, ఫోన్ లైనుకు కలిపే ఐఎస్‌డీఎన్ గేట్‌వేకి అప్పగిస్తుంది.

పరిష్కారం: ముందు సర్వీస్ ప్రొవైడర్‌కి ఫోన్ చేసి ఆ లైనుకు ఐఎస్‌డీ లాక్ చేయించండి. మిగతాది తీరిగ్గా చేసుకోవచ్చు. తర్వాత కాల్ పాలసీని (ఏ కాల్‌ని అనుమతించాలో చెప్పే సెట్టింగ్) లోకల్ సీపీఎల్‌కి, అంటే ఎక్స్‌ప్రెస్‌వేలోనే రాసుకునే రూల్స్‌కి మార్చి, అథెంటికేట్ కాని (గుర్తింపు రుజువు కాని) కాలర్లు 9(.*) కి, అంటే 9తో మొదలయ్యే ఏ నంబర్‌కైనా చేసే కాల్స్‌ని రిజెక్ట్ చేసే రూల్ పెట్టండి.

సమస్య: రూల్ పెట్టినా కాల్స్ వెళ్తూనే ఉన్నాయి.

కారణం: ముందు డిఫాల్ట్ జోన్ అథెంటికేషన్ పాలసీ చూడండి. అక్కడ ‘ట్రీట్ యాజ్ అథెంటికేటెడ్’ అని ఉంటే, పాస్‌వర్డ్ అడగకుండానే బయటివాళ్లందరికీ సొంతవాళ్లన్న ముద్ర పడుతుంది. ఇక మీ రూల్ ఎవరికీ వర్తించదు. అది సరిగ్గానే ఉంటే ట్రాన్స్‌ఫామ్స్ (డయల్ చేసిన నంబర్‌ని మార్చే సెట్టింగ్స్) చూడండి. అవి కాల్ పాలసీ కంటే ముందే పనిచేస్తాయి కాబట్టి, నంబర్‌లోని 9 అక్కడే ఊడిపోయి ఉంటే రూల్ దాన్ని గుర్తుపట్టదు. రూల్స్ పైనుంచి కిందికి నడుస్తాయి. పైన అందరినీ అనుమతించే రూల్ ఉంటే కిందిది అలంకారమే.

పరిష్కారం: ఊహిస్తూ కూర్చోకుండా సెర్చ్ హిస్టరీలో ఆ ఒక్క కాల్ తెరవండి. ఏ జోన్ నుంచి వచ్చింది, నంబర్ ఎలా మారింది, పాలసీ ఏమంది, అన్నీ వరసగా ఉంటాయి. ప్యాటర్న్ మీద అనుమానం ఉంటే టూల్స్‌లోని చెక్ ప్యాటర్న్‌లో పరీక్షించండి.

సమస్య: ఇప్పుడు మన వాళ్ల కాల్సే ఆగిపోతున్నాయి.

కారణం: ఎండ్‌పాయింట్లు (మీ వీడియో, ఫోన్ పరికరాలు) రిజిస్టర్ అయ్యే సబ్‌జోన్‌లో (వాటిని చేర్చే గుంపు) ‘డు నాట్ చెక్ క్రెడెన్షియల్స్’ ఉంటే, పక్క గదిలోని కోడెక్ (వీడియో కాన్ఫరెన్స్ పరికరం) కూడా పరాయిదే. ఎక్స్‌ప్రెస్‌వే, కాల్ లోపలిదా బయటిదా అని చూడదు, ముద్ర ఉందా లేదా అనే చూస్తుంది.

పరిష్కారం: మీరు నమ్మే సబ్‌జోన్‌కి మాత్రమే ‘ట్రీట్ యాజ్ అథెంటికేటెడ్’ ఇవ్వండి. కొత్త వెర్షన్లలో రూల్‌ని నేరుగా జోన్‌కే కట్టవచ్చు. నన్నడిగితే అదే మేలు: డిఫాల్ట్ జోన్ నుంచి 9 కి దారి లేదు, అంతే.

సమస్య: ఐపీ అడ్రస్ డయల్ చేస్తే కాల్ కలవడం లేదు.

పరిష్కారం: తెలియని ఐపీలకు కాల్స్ అన్న సెట్టింగ్ లోపలి ఎక్స్‌ప్రెస్‌వేలో ఇన్‌డైరెక్ట్, ఇంటర్నెట్ అంచున ఉన్నదానిలో డైరెక్ట్ ఉండాలి. లోపలి దానిలో ట్రావర్సల్ జోన్‌కి (ఆ రెండింటినీ కలిపే దారి) ‘ఎనీ ఐపీ అడ్రస్’ సెర్చ్ రూల్ కూడా కావాలి. అంతకంటే ముందు ప్రయారిటీలో ‘స్టాప్’ పెట్టిన రూల్ ఏదైనా మ్యాచ్ అవుతోందేమో చూడండి. అలా మ్యాచ్ అయితే, అక్కడ అడ్రస్ దొరక్కపోయినా వెతుకులాట తర్వాతి ప్రయారిటీకి దిగదు.