చలికాలం ఇంట్లోనే సైకిల్ – రెండో పాఠం: ట్రైనర్ ఎంపిక, బిగింపు, మొదటి వారం

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేసే ఉంటారు. వెనక చక్రం ఇరుసుకు రెండు వైపులా ఏముందో చూసి రాసుకోమన్నాను. ఏ ట్రైనర్ (సైకిల్‌ను నిలిపి ఇంట్లోనే తొక్కనిచ్చే స్టాండు) కొనాలో తేల్చేది అదే కాబట్టి ముందు ఆ సంగతి తెలుసుకోకుండా ఈ పాఠం చదివి లాభం లేదు. చూడనివాళ్లు ఇప్పుడే లేచి చూసి రండి.

కోరాపుట్, సునాబెడా, సెమిలిగుడ, పొట్టంగి వైపు ఉన్నవాళ్లకు డిసెంబరు, జనవరి ఎలా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున పది డిగ్రీల లోపు చలి, పొద్దెక్కినా విడవని మంచు, సాయంత్రం అయిదున్నరకే చీకటి. సుంకి ఘాట్ మలుపుల్లో ఎదురొచ్చే లారీ లైట్లు మీద పడేదాకా కనబడవు. అలాగని రెండు నెలలు సైకిల్ మూలన పెడితే ఫిబ్రవరిలో జయపురం నుంచి కోరాపుట్ ఎక్కేటప్పుడు సగంలోనే ఊపిరి అందదు. కింద రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు చలి అంత ఉండదు గానీ పొద్దున మంచూ, ముందే పడే చీకటీ అక్కడా ఉన్నాయి.

ట్రైనర్ మీద సైకిల్ కదలదు. మాట చిన్నదే గానీ ఈ పాఠమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. రోడ్డు మీద సైకిల్ కదలడం వల్ల మనకు అడక్కుండానే మూడు మేళ్లు జరుగుతాయి. గాలి తగిలి ఒళ్లు చల్లబడుతుంది. పల్లం వచ్చినప్పుడు కాళ్లకు కాసేపు విరామం దొరుకుతుంది. సైకిల్ అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి సీటు ఒక్కచోటే ఒత్తదు. ఇంట్లో ఈ మూడూ ఉండవు, మనమే ఏర్పాటు చేసుకోవాలి. ట్రైనర్ కొన్న నెలకే దాని మీద బట్టలు ఆరేసేవాళ్లలో చాలామంది మెషీన్ బాగాలేక మానేయరు. ఈ మూడింటినీ పట్టించుకోక మానేస్తారు. అది నా గట్టి నమ్మకం.

ఇరుసును బట్టే ట్రైనర్

ఇరుసుకు ఒక వైపు చేత్తో తిప్పే లివర్, రెండో వైపు చిన్న గుండ్రటి నట్టు ఉంటే అది క్విక్ రిలీజ్. మీ పని తేలిక. చక్రం తియ్యకుండా బిగించే ట్రైనర్లు దాదాపు అన్నీ దీనికి సరిపోతాయి. ట్రైనర్‌తో పాటు ఒక ఉక్కు స్కూవర్, అంటే ఇరుసులోంచి దూరే సన్నటి కడ్డీ ఇస్తారు. మీ సైకిల్‌కున్నది తీసేసి దాన్నే వెయ్యాలి. ఇరుసును రెండు వైపులా పట్టే ట్రైనర్ కప్పుల్లో సరిగ్గా కూర్చునేలా దాని చివర్లు చేసి ఉంటాయి. పాతదాన్నే ఉంచి బిగిస్తే జారవచ్చు, లివర్ విరగవచ్చు.

లావుగా, బోలుగా ఉన్న ఇరుసు చక్రం మధ్యలోంచి దూరి ఫ్రేములోకి మర తిప్పి బిగించేలా ఉంటే అది త్రూ యాక్సిల్. డిస్క్ బ్రేకులున్న కొత్త సైకిళ్లలో ఎక్కువ ఇదే. మామూలు ట్రైనర్ దీన్ని పట్టుకోలేదు. దీనికోసం చేసిన వేరే ఇరుసు కొనాలి, లేదంటే వెనక చక్రం తీసేసి బిగించే డైరెక్ట్ డ్రైవ్ ట్రైనర్‌కు వెళ్లాలి.

ఇక రెండు వైపులా పానాతో విప్పే పెద్ద నట్లున్న సైకిల్. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే, తక్కువ ధర గేర్ సైకిళ్లలో కూడా చాలావాటికి ఇదే ఉంటుంది. మామూలు కప్పులు ఈ నట్లను గట్టిగా పట్టవు. కొన్ని కంపెనీలు నట్ల బదులు వేసుకునే ప్రత్యేకమైన నట్లు అమ్ముతాయి. అవి మీ ఇరుసు మరకు సరిపోతాయని అమ్మేవాడితో రాతపూర్వకంగా చెప్పించుకున్నాకే కొనండి. పాతకాలపు 28 అంగుళాల నల్ల సైకిల్‌ను మాత్రం ట్రైనర్ మీద పెట్టకండి. ఎక్కువ ట్రైనర్లు 26 అంగుళాల నుంచి 700సి, అంటే 622 మిల్లీమీటర్ల రిమ్ వరకు చేసినవి. ఆ సైకిల్ రిమ్ 635 మిల్లీమీటర్లు. పైగా వెనక స్టాండు, క్యారియర్ కడ్డీలు అడ్డం వస్తాయి.

ఏ రకం కొనాలి

రోలర్లు అనే రకం ఒకటుంది. మూడు డ్రమ్ముల మీద సైకిల్ నిలబెట్టి, ఏ పట్టూ లేకుండా బ్యాలెన్స్ చేస్తూ తొక్కాలి. బ్యాలెన్స్ బాగా వస్తుంది గానీ మొదటి చలికాలానికి అది వద్దు.

మాగ్నెటిక్ ట్రైనర్‌లో వెనక టైరు ఒక చిన్న రోలర్ మీద తిరుగుతుంది, అయస్కాంతం దాన్ని ఆపడానికి చూస్తుంది. హ్యాండిల్‌కు బిగించిన లివర్‌తో లోడు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. కరెంటు అక్కర్లేదు. ఫ్లూయిడ్ ట్రైనర్‌లో అయస్కాంతం బదులు నూనెలో తిరిగే రెక్కలుంటాయి. వేగం పెరిగేకొద్దీ లోడు దానంతటదే పెరుగుతుంది కాబట్టి గేరు మారిస్తే చాలు, తొక్కుడు రోడ్డు మీదలాగే అనిపిస్తుంది. చప్పుడు తక్కువ, దీనికీ కరెంటు అక్కర్లేదు. క్విక్ రిలీజ్ సైకిల్ ఉండి, గాలివానకో చెట్టు కొమ్మ పడో కరెంటు పోయే ఊళ్లో ఉంటే ఫ్లూయిడ్ ట్రైనరే కొనమంటాను. బడ్జెట్ సరిపోకపోతే మాగ్నెటిక్.

డైరెక్ట్ డ్రైవ్ అంటే వెనక చక్రం పూర్తిగా తీసేసి, చైనును ట్రైనర్‌కున్న పళ్ల చక్రాలకే తగిలించడం. టైరు అరగదు, జారదు, చప్పుడు బాగా తక్కువ. ఎన్ని వాట్ల శక్తితో తొక్కుతున్నారో మంచి మోడళ్లలో ఒకటి రెండు శాతం తేడాతో చూపిస్తుంది. ఫోనుకో లాప్‌టాప్‌కో కలిపితే స్క్రీన్ మీద ఎత్తు వచ్చినప్పుడు లోడు దానంతటదే పెరుగుతుంది. ఖరీదు ఎక్కువ, కరెంటు కావాలి, బరువు పదిహేను ఇరవై కిలోల దాకా ఉంటుంది. దామన్‌జోడి, సునాబెడా క్వార్టర్లలో ఉంటూ, త్రూ యాక్సిల్ సైకిల్‌తో, వాట్ల లెక్కన సాధన చేసేవాళ్లకు దీనికి పెట్టిన డబ్బు వృథా కాదు. ఒక్కటి మాత్రం ముందే అడగండి: పాడైతే ఎక్కడికి పంపాలి, పంపే ఖర్చు ఎవరిది? ఇరవై కిలోల సామాను ఘాట్ దింపి విశాఖకు చేర్చడం మాటలు కాదు.

డైరెక్ట్ డ్రైవ్ కొనేముందు మీ వెనక గేర్లెన్నో లెక్కపెట్టండి. చాలావాటికి 8 నుంచి 11 గేర్ల షిమానో కంపెనీ రకం క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల కట్ట) పడుతుంది. 7 గేర్ల క్యాసెట్ అయితే వెనక ఒక స్పేసర్ రింగు వెయ్యాలి. కొన్ని 12 గేర్ల సైకిళ్లకు ట్రైనర్ మీద క్యాసెట్ కూర్చునే ఫ్రీహబ్ భాగమే వేరే కావాలి. క్యాసెట్ చాలాసార్లు పెట్టెలో రాదు, విడిగా కొనాలి. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులుంటే చక్రం తీసి ఉన్నప్పుడు బ్రేకు లివర్ నొక్కవద్దు. ప్యాడ్లు ముందుకు వచ్చి కరుచుకుపోతాయి, మళ్లీ చక్రం దూరదు. చక్రం తియ్యగానే ప్యాడ్ల మధ్య ఒక ప్లాస్టిక్ ముక్క పెడితే ఆ టెన్షన్ ఉండదు.

బిగింపు

టైరుతో తిరిగే ట్రైనర్‌ను బిగించడం ఇక్కడ వివరంగా చెబుతాను, ఎక్కువమంది కొనేది అదే కాబట్టి. మొదట మడ్‌గార్డు, స్టాండు అడ్డొస్తే తీసేయండి. గుబ్బల టైరు ఉంటే నున్నటి టైరు వేయించండి. గుబ్బల టైరు రోలర్ మీద చేసే రొదకు కింది ఇంటివాళ్లు పైకి వస్తారు. ఇంట్లో పాత నున్నటి టైరుంటే అది చాలు, రోలర్ మీద వేడికి టైరు ఎలాగూ అరుగుతుంది. ట్రైనర్ కోసమే చేసే టైర్లు కూడా దొరుకుతాయి. వాటితో రోడ్డెక్కకండి, తడి రోడ్డు మీద పట్టు ఉండదు.

టైరు పక్కన అచ్చువేసిన పరిమితి లోపల, ప్రతిసారీ ఒకే కొలత గాలి కొట్టండి. ఇవాళ గాలి ఎక్కువ, రేపు తక్కువ అయితే లోడు మారిపోయి, మీరు బలపడ్డారో టైరు మెత్తబడిందో తెలియదు. ఇరుసును కప్పుల మధ్య సరిగ్గా కూర్చోబెట్టి బిగించాక సైకిల్ సీటు పట్టుకుని గట్టిగా ఊపి చూడండి. ట్రైనర్‌తో కలిసి ఊగాలి తప్ప ఇరుసు కప్పులో కదలకూడదు. తర్వాత రోలర్ టైరును తాకేదాకా మర తిప్పి, అక్కడి నుంచి ఇంకో రెండు మూడు చుట్లు బిగించండి. కంపెనీ పుస్తకంలో వేరే లెక్క ఉంటే అదే పాటించండి. బిగిసిందో లేదో చూడటానికి ఒక చేత్తో రోలర్ పక్కనున్న బరువు చక్రాన్ని పట్టుకుని, రెండో చేత్తో టైరును విసురుగా లాగండి. టైరు జారితే ఇంకో అరచుట్టు. టైరు కింద నల్లటి పొడి ఎక్కువగా రాలుతుంటే జారుతున్నట్టే. తొక్కడం అయ్యాక రోలర్‌ను వదులు చెయ్యడం మరవకండి, అలాగే వదిలేస్తే టైరు ఒకచోట నొక్కుకుపోతుంది.

వెనక చక్రం కాస్త పైకి లేస్తుంది కాబట్టి ముందు చక్రం కింద దిమ్మ పెట్టాలి. లేకపోతే ఒంటి బరువంతా అరచేతుల మీదకు జారి, పావుగంటకే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మేస్త్రీల రసమట్టం దొరికితే రెండు ఇరుసులూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో ఒక బద్ద మీద పెట్టి చూడండి.

పై అంతస్తులో ఉంటే కింద మందపాటి రబ్బరు చాప వెయ్యండి. స్లాబు నడిమధ్య కంటే గోడ దగ్గర అదురు తక్కువ.

గాలి, అన్నిటికన్నా ముందు

చలి ఊళ్లో ఫ్యాను ఎందుకని అడుగుతారు. తొక్కేవాడి ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో పెడల్‌కు చేరేది నాలుగైదు వంతుల్లో ఒక్క వంతే, మిగతాదంతా వేడి. పెడల్ మీద 150 వాట్లు పెడితే ఒంట్లోంచి దాదాపు అయిదు వందల వాట్ల వేడి బయటికి పోవాలి. తలుపులేసిన గదిలో చిన్న హీటరు పక్కన కూర్చున్నట్టే. రోడ్డు మీద గాలి దాన్ని తీసుకుపోతుంది. ఇంట్లో అది పోదు, చెమట కారుతుందే తప్ప ఆరదు. అప్పుడు ఒళ్లు చల్లబరచడానికి గుండె అదనంగా కొట్టుకుంటుంది. అదే గేరులో, అదే వేగంతో తొక్కుతున్నా మొదట 135 ఉన్న గుండె లయ అరగంట దాటేసరికి 150 దాకా పోవచ్చు. చాలామంది దాన్ని తమ బలహీనత అనుకుని నిరుత్సాహపడతారు. కారణం గాలి లేకపోవడం.

అందుకని సీలింగ్ ఫ్యాను సరిపోదు. పెద్ద టేబుల్ ఫ్యాను ఎదురుగా, ఛాతీకి తగిలేలా పెట్టండి, కిటికీ తెరవండి. ఇన్వర్టర్ ఉంటే ఫ్యాను దాని లైనుకే తగిలించండి. మొదటి పది నిమిషాలు చలి వేస్తే స్వెట్టర్ వేసుకుని తర్వాత తీసెయ్యండి, ఫ్యాను మాత్రం ఆపవద్దు. ఇంకో మాట చాలా గట్టిగా చెబుతున్నాను: బొగ్గుల కుంపటి వెలిగించిన గదిలో ఎప్పుడూ తొక్కకండి. కుంపటి వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. గట్టిగా ఊపిరి పీల్చేవాడి ఒంట్లోకి అది మరీ త్వరగా చేరుతుంది.

చెమట ఉప్పు హ్యాండిల్ బోల్టులనూ, ముందు ఫోర్కు బేరింగునూ తుప్పు పట్టిస్తుంది. హ్యాండిల్ మీద తువ్వాలు కప్పి, అయ్యాక తడిగుడ్డతో తుడవండి. గంటకు ఒక సీసా నీళ్లు. ముందు తినాలంటే గంట ముందు చోడి అంబలి బాగుంటుంది, తర్వాత ఉప్పేసిన మజ్జిగ.

మొదటి వారం

గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు, షుగరుకు మందులు వాడేవాళ్లు ముందు డాక్టరును అడగండి.

వారానికి మూడు రోజులు చాలు, మధ్యలో ఒక్కో రోజు విరామం. మొదటి పది నిమిషాలు తేలిక గేరులో. తర్వాత అయిదు నిమిషాలు కాస్త బరువుగా, రెండు నిమిషాలు తేలికగా, ఇలా మూడుసార్లు. చివర అయిదు నిమిషాలు చల్లబడటానికి. మొత్తం ముప్పై ఆరు నిమిషాలు. పల్లం లేని చోట ఈ రెండేసి నిమిషాలే మన పల్లం, వాటిని ఎగ్గొట్టవద్దు.

బరువుగా అంటే ఎంత? ఎదుటివాడితో చిన్న చిన్న ముక్కల్లో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. కాళ్ల వేగం తెలుసుకోవడానికి మీటర్ అక్కర్లేదు. గడియారం చూస్తూ పదిహేను సెకన్లలో కుడి మోకాలు ఎన్నిసార్లు పైకి వచ్చిందో లెక్కపెట్టండి. ఇరవై నుంచి ఇరవై రెండు వస్తే నిమిషానికి 80 నుంచి 88, అది బాగుంది. పదహారు దగ్గర ఉంటే గేరు తగ్గించండి, మోకాళ్లు అరగదీసుకోవద్దు. పది నిమిషాలకోసారి అరనిమిషం సీటు మీద నుంచి లేచి తొక్కండి. సైకిల్ ఊగదు కాబట్టి కింద రక్తం ఆడాలంటే ఇదొక్కటే దారి.

స్మార్ట్ ట్రైనర్, అంటే ఫోనుకో లాప్‌టాప్‌కో కలిపి లోడు దానంతటదే మార్చుకునేది, ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. ఈఆర్‌జీ మోడ్‌లో మీరు పెట్టిన వాట్లు తగ్గకుండా ట్రైనర్ చూసుకుంటుంది. కాళ్లు నెమ్మదించిన కొద్దీ లోడు పెంచుతుంది, లోడు పెరిగిన కొద్దీ కాళ్లు ఇంకా నెమ్మదిస్తాయి, చివరికి పెడల్ ఆగిపోతుంది. అలా మొదలవుతోందనిపిస్తే మొండిగా తొక్కకుండా ఆ మోడ్ ఆపి, కాళ్ల వేగం అందుకున్నాక మళ్లీ పెట్టండి. మొదటి వారం అసలు ఆ మోడ్ వాడకపోతేనే మంచిది.

మూడో పాఠం ఘాట్ ఎక్కుడు సాధన. దానికి ఈ వారం చివరి రోజు అంకెలు కావాలి: ఏ గేరు, ఏ లోడు, మూడో అయిదు నిమిషాల్లో ఎంత వేగం, అది ముగిసిన వెంటనే పదిహేను సెకన్లలో నాడి ఎన్నిసార్లు కొట్టుకుంది. వేగం చూపే మీటర్ ముందు చక్రానికి ఉంటే సున్నానే చూపిస్తుంది, సెన్సర్‌ను వెనక చక్రానికి మార్చుకోండి. చక్రం తీసేసిన డైరెక్ట్ డ్రైవ్ వాళ్లు వేగం బదులు వాట్లు రాసుకోండి.